ఊపిరితిత్తిలో లింఫ్ కణాల గుంపు: క్యాన్సర్ కాదని తేల్చే దారి

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడితే తెనాలిలోనైనా, రేపల్లెలోనైనా, బాపట్లలోనైనా ఇంట్లోవాళ్లకు ముందు గుర్తొచ్చేది టీబీ. టీబీ కాదంటే ఆ తర్వాత క్యాన్సర్. ఈ రెండు భయాల మధ్య చిక్కుకుని, పేరు పెట్టేవాళ్లు దొరక్క రోగుల్ని నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిప్పే జబ్బులు కొన్ని ఉన్నాయి. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లో గుంపులు కట్టడం వల్ల వచ్చే జబ్బులవి. క్యాన్సర్ కావు. కానీ ఎక్స్‌రేలో, స్కానింగులో, ఒక్కోసారి మైక్రోస్కోపు కింద కూడా క్యాన్సర్‌లాగే కనిపిస్తాయి.

అది క్యాన్సర్ కాదన్న నిర్ధారణ ఎలా జరుగుతుందో మెట్టు మెట్టుగా చెప్పడమే ఈ కథనం పని. ఒక మాట ముందే చెప్పాలి. ఈ జబ్బుల్లో ‘క్యాన్సర్ కాదు’ అన్న తీర్పు ఏ ఒక్క పరీక్షతోనూ రాదు. ఒకదాని తర్వాత ఒకటిగా అడుగులు పడితేనే వస్తుంది. వరస తప్పితే, ముఖ్యంగా ముక్క పరీక్షకు (బయాప్సీకి) ముందే స్టెరాయిడ్ మొదలుపెడితే, ఆ తర్వాత ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్లినా సాక్ష్యం చెరిగిపోయి ఉంటుంది.

ఈ గుంపు ఎందుకు కడుతుంది

లింఫోసైట్లు మన రక్షణ దళం. టాన్సిల్స్‌లో, పేగుల్లో వాటికి స్థిరమైన మకాములు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో అలాంటి మకాములు చాలా తక్కువ. పొగతాగడం, పదే పదే వచ్చే ఇన్ఫెక్షన్లు, ఒంటిమీద ఒళ్లే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులు, హెచ్‌ఐవీ, పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, వీటిలో ఏదో ఒకటి ఏళ్ల తరబడి రెచ్చగొడుతూ ఉంటే శ్వాసనాళాల పక్కన కొత్త మకాములు పుడతాయి. అవి ఎక్కడ, ఎంతగా పెరిగాయన్నదాన్ని బట్టి జబ్బు పేరు మారుతుంది.

సన్నని శ్వాసనాళాల చుట్టూ మాత్రమే గుంపు కడితే ఫాలిక్యులర్ బ్రాంకియోలైటిస్. గాలి గదుల గోడల్లోకంతా పాకితే లింఫోసైటిక్ ఇంటర్‌స్టిషియల్ న్యుమోనియా. దాన్ని డాక్టర్లు పొట్టిగా ఎల్‌ఐపీ అంటారు. ఒకచోట గడ్డగా చేరితే నాడ్యులర్ లింఫాయిడ్ హైపర్‌ప్లేషియా. ఛాతీ నడుమ లింఫ్ గ్రంథి ఒకటి విపరీతంగా పెరిగితే క్యాసిల్‌మన్ జబ్బు కావచ్చు. ప్లాస్మా కణాలు, గట్టి పీచు కణజాలం కలిసి పేరుకుంటే ఐజీజీ4 జబ్బు కావచ్చు.

వీటిని వేరుచేసి చూడటం వైద్యులకూ అంత తొందరగా పట్టుబడలేదు. అమెరికాలో బెంజమిన్ క్యాసిల్‌మన్ తన బృందంతో 13 మంది రోగుల వివరాలు ప్రచురించింది 1956లో. సాల్జ్‌స్టీన్ 1963లో ఊపిరితిత్తుల్లోని ఇలాంటి గడ్డల్ని లింఫ్ కణాల క్యాన్సరైన అసలు లింఫోమా నుంచి విడదీసి ‘సూడోలింఫోమా’ అన్నారు, అంటే ఉత్తుత్తి లింఫోమా. ఎల్‌ఐపీకి పేరు పెట్టింది ఆవెరిల్ లీబౌ, ఛార్లెస్ క్యారింగ్టన్. 1969 నాటి వాళ్ల వర్గీకరణలో అది ఉంది. ఆ తర్వాత 1983లో ఐజాక్సన్, రైట్ అనే ఇద్దరు మాల్ట్ లింఫోమా అనే నెమ్మది క్యాన్సర్‌ని గుర్తించారు. దాంతో అంతకుముందు ‘ఉత్తుత్తి’ అనుకున్న గడ్డల్లో చాలావాటిని మళ్లీ తీసి చూడాల్సి వచ్చింది. చాలా గడ్డలు నిజమైన లింఫోమాలేనని తేలింది. అసలు మంచిరకం గడ్డ అనేది ఉందా అన్న అనుమానం కూడా వచ్చింది. 2000లో 14 కేసుల్ని కొత్త పద్ధతులతో పరిశీలించిన అధ్యయనం, ఉంది, కానీ అరుదు అని నిలబెట్టింది. ఇవాళ పాథాలజిస్టులు పడే జాగ్రత్తంతా ఆ చరిత్ర నేర్పిందే.

మొదటి మెట్టు: టీబీ ఉందో లేదో రుజువుతో తేల్చడం

రేపల్లె దగ్గరి పల్లెలో ఉండే యాభై దాటిన ఒక ఆవిడ అనుకుందాం. నాలుగైదు నెలలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కొంచెం బరువు తగ్గింది. ఎక్స్‌రేలో రెండువైపులా కింది భాగంలో మసక ఉంది. ఇది చూసి ‘టీబీ అయి ఉంటుంది, ఆరు నెలలు మందులు వాడండి’ అనడం తేలిక. మన దేశంలో టీబీ ఎంత ఎక్కువో తెలిసినవాళ్లెవరూ ఆ అనుమానాన్ని తప్పుపట్టరు. తప్పల్లా అనుమానం దగ్గరే ఆగిపోవడం.

ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో కళ్లె పరీక్ష ఉచితం. స్లైడు మీద సూక్ష్మజీవిని వెతకడంతో పాటు, సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు టీబీ జన్యుపదార్థాన్నే పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. కళ్లె ఇవ్వడంలోనే చాలా పరీక్షలు పాడవుతాయి. పొద్దున్నే లేచి నోరు పుక్కిలించి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, లోపలినుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి. నోట్లోని ఉమ్మి పనికిరాదు. పొడి దగ్గు వల్ల కళ్లె రాకపోతే ఆ మాట చీటీ మీద రాయించాలి. కళ్లె దొరకలేదన్నా, టీబీ లేదన్నా ఒకటే అనుకోకూడదు. దొరకని చోట బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కడిగిన నీరు తీసి అవే పరీక్షలు చేస్తారు.

రుజువు లేకుండా మందులు మొదలయ్యాయే అనుకుందాం. అప్పుడు కూడా చేయాల్సిందొకటుంది. రెండు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీయించి పాతదానితో పక్కపక్కన పెట్టి చూడమనాలి. మసక తగ్గకపోతే కోర్సు పూర్తయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. పై మెట్టు ఎక్కాల్సిన సమయం వచ్చినట్టే.

రెండో మెట్టు: కూర్చోబెట్టి అడగడం

ఈ జబ్బుల్లో చాలావాటికి మూలం ఊపిరితిత్తిలో ఉండదు. ఒంట్లో మరెక్కడో ఉంటుంది. దాన్ని బయటికి లాగేవి ప్రశ్నలే.

“అమ్మా, కళ్లల్లో ఇసుక పడ్డట్టు ఉంటోందా?”

“ఉంటోందండీ. పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి.”

“ముద్ద దిగాలంటే పక్కన మంచినీళ్లు ఉండాలా?”

“చెంబు లేనిదే అన్నానికి కూర్చోనండీ. వయసు మీద పడితే అంతేననుకున్నా.”

ఈ రెండు జవాబులూ స్యోగ్రెన్స్ సిండ్రోమ్ వైపు వేలు చూపిస్తాయి. కన్నీటి గ్రంథుల్ని, లాలాజల గ్రంథుల్ని లింఫోసైట్లు ఎండగట్టే జబ్బది. స్వీడన్‌కు చెందిన కంటి డాక్టరు హెన్రిక్ స్యోగ్రెన్ 1933లో దీన్ని వివరంగా రాశారు. ఇది ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. ఎల్‌ఐపీకి, ఫాలిక్యులర్ బ్రాంకియోలైటిస్‌కి తరచూ మూలమయ్యేదీ ఇదే. దగ్గు కోసం వచ్చిన మనిషిని కళ్ల గురించి, నోటి గురించి అడగకపోతే ఈ తీగ దొరకదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. పొద్దున్నే వేళ్లు పట్టేసి గంటసేపు కదలవా, అంటే కీళ్లవాతం ఉందా. మెడలో, చంకల్లో బిళ్లలు కట్టాయా. చిన్నప్పటినుంచీ చెవి, సైనస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వచ్చేవా. వస్తే యాంటీబాడీలు తయారుచేసుకోలేని లోపం ఉండొచ్చు. ఇంట్లో పావురాలున్నాయా, తడిసి బూజుపట్టిన వరిగడ్డి వామిని విప్పుతారా, ధాన్యం మిల్లులో పనిచేస్తారా; ఆ ధూళివల్ల వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ కూడా లింఫోసైట్ల గుంపే, స్కానింగులో ఎల్‌ఐపీలా మోసం చేస్తుంది. డెల్టాలో వ్యవసాయం మీద బతికే ఇళ్లలో ఈ ప్రశ్న తప్పనిసరి.

వాడే మందుల చీటీలన్నీ బల్లమీద పెట్టాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లలో అరుదుగా లింఫ్ కణాలు పెరిగి గడ్డ కడతాయి; చాలామందిలో మందు ఆపితే అది తగ్గుతుంది కూడా. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఆయాసానికి ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే ఆ సంగతి దాచకూడదు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ముందు ముందు వచ్చే ప్రతి ఫలితాన్నీ అది మార్చేస్తుంది.

మూడో మెట్టు: రక్తం, కన్నీరు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాస్పత్రుల స్థాయిలోనే మొదలయ్యే పరీక్షలు కొన్ని ఉన్నాయి. పూర్తి రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, కాలేయం, కిడ్నీ, షుగరు, వీటితో పాటు సలహా ఇచ్చి చేసే హెచ్‌ఐవీ పరీక్ష. హెచ్‌ఐవీ మాట ఎత్తగానే నొచ్చుకోవాల్సిన పనిలేదు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో ఎల్‌ఐపీ బాగా తెలిసిన జబ్బు; పదమూడేళ్ల లోపు పిల్లల్లో దాన్ని ఎయిడ్స్‌కు గుర్తుగానే లెక్కించారు. వాళ్లకు అసలు చికిత్స ఏఆర్‌టీ అనే హెచ్‌ఐవీ మందులే కాబట్టి పరీక్ష చేయించకపోవడమే నష్టం.

రక్తకణాల లెక్కలో ఇసినోఫిల్స్ మీద ప్రత్యేకంగా కన్నేయాలి. ఘన మిల్లీమీటరుకు 3000 దాటి, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే కోస్తాలో ముందు అనుమానించాల్సింది ఫైలేరియా వల్ల వచ్చే ట్రాపికల్ ఇసినోఫీలియా. దానికి మూడు వారాల డైఇథైల్‌కార్బమజైన్ చాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి హెట్రజాన్ పేరుతో వచ్చిన మందది. ఇందాక చెప్పుకున్న మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

ఆ తర్వాతివి గుంటూరు స్థాయి పరీక్షలు. ఏఎన్‌ఏ, స్యోగ్రెన్స్‌కు గుర్తులైన యాంటీ రో, యాంటీ లా, రుమటాయిడ్ ఫ్యాక్టర్, రక్తంలో ఇమ్యూనోగ్లోబులిన్ల మోతాదు, సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్. ఈ చివరి రెండూ ఖరీదుకు మించిన సమాచారం ఇస్తాయి. ఎల్‌ఐపీలో ఇమ్యూనోగ్లోబులిన్లు చాలామందికి రకరకాలుగా కలిసి పెరుగుతాయి. బాగా తగ్గి ఉంటే రోగనిరోధక లోపం. ఒకే రకం ప్రొటీన్ నిటారుగా లేచి కనబడితే లింఫోమా అనుమానం బలపడుతుంది.

కంటి డాక్టరు చేసే షిర్మర్ పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. సన్నని వడపోత కాగితపు పట్టీని మడిచి కింది రెప్పకు తగిలిస్తారు. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఆ తర్వాత తడి ఎంతదాకా పాకిందో కొలుస్తారు. ఐదు మిల్లీమీటర్లు దాటకపోతే కన్ను ఎండిపోయినట్టే లెక్క.

నాలుగో మెట్టు: సీటీ, ఊపిరి కొలత

ఎక్స్‌రే అనుమానం పుట్టిస్తుంది. దారి చూపేది హెచ్‌ఆర్‌సీటీ. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మందంలో ఊపిరితిత్తిని పొరలు పొరలుగా చూపిస్తుంది. గుండెల నిండా ఊపిరి తీసి బిగబట్టిన బొమ్మలతో పాటు, ఊపిరి వదిలాక తీసిన బొమ్మలూ కావాలని చీటీలో రాయాలి. సన్న నాళాలు మూసుకుపోయి గాలి చిక్కుకుంటే ఊపిరి వదిలాకే అది తెలుస్తుంది.

ఎల్‌ఐపీలో పొగమంచు కమ్మినట్టు మసక, దాని మధ్య పల్చని గోడలున్న గాలి బుడగలు కనిపిస్తాయి. రక్తనాళాల పక్కనే, ఎక్కువగా కింది భాగాల్లో ఉండే ఆ బుడగలు పెద్ద ఆధారం. ఫాలిక్యులర్ బ్రాంకియోలైటిస్‌లో ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చిన్న చుక్కలు నాళాల చివర కనిపిస్తాయి. టీబీలో కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టే మొదటి మెట్టు అంత గట్టిగా ఎక్కాలన్నాను. నాడ్యులర్ హైపర్‌ప్లేషియా తరచూ ఒంటరి గడ్డ. క్యాసిల్‌మన్ అనుమానం ఉంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయాలి. రక్తం ఎక్కువగా పారే ఆ గ్రంథి స్కానులో వెలుగుతుంది. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూడాలి.

ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, వాయువు రక్తంలోకి ఎంత దాటుతోందో చెప్పే డీఎల్‌సీఓ పరీక్షలు జబ్బు పేరు చెప్పవు. జబ్బు ఎంత ముదిరిందో చెబుతాయి. ఎల్‌ఐపీలో ఊపిరితిత్తి బిగుసుకుని రెండూ తగ్గుతాయి. ఈ మొదటి కొలతే రేపు మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి గీటురాయి. చికిత్సకు ముందు దీన్ని వదిలేస్తే మళ్లీ సంపాదించలేం.

ఐదో మెట్టు: బ్రాంకోస్కోపీ, దాని హద్దు

ఇక్కడి నుంచి పని బోధనాస్పత్రికి మారుతుంది. తెనాలి గుంటూరు జిల్లాలో, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నా, మూడు ఊళ్లకూ దగ్గరి పెద్ద దిక్కు గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రే. మంగళగిరి ఎయిమ్స్ అక్కడికి ఎంతో దూరం లేదు. వెళ్లేముందు రిఫరల్ చీటీ, పాత ఎక్స్‌రేలు, సీటీ సీడీ, కళ్లె ఫలితాలు తేదీల వరసలో ఫైలు కట్టుకోవాలి. ఆపరేషన్ అవసరమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో దానికి చోటుందో లేదో అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలోని ఆ పథకం సిబ్బందిని అడగాలి.

బ్రాంకోస్కోపీలో సన్నని గొట్టం ద్వారా సెలైన్ పంపి, వెనక్కి లాగిన నీటిలో కణాలు లెక్కిస్తారు. లింఫోసైట్లు 15 శాతం దాటితే లింఫోసైట్ల గుంపు ఉన్నట్టు. ఆ నీటినే టీబీకి, ఫంగస్‌కి కల్చరు పెడతారు. గొట్టంలోంచి చిన్న పట్టకారుతో ముక్కలు కూడా తీయొచ్చు కానీ అవి రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి. టీబీ, సార్కాయిడోసిస్ లాంటివి దానితో బయటపడొచ్చు. లింఫోసైట్లు కనిపించాయి అన్నంత వరకూ కూడా చెప్పొచ్చు. కానీ అవి ఎక్కడెక్కడ ఎలా అమరాయో, పక్కనే క్యాన్సర్ ఉందో లేదో అంత చిన్న ముక్కలో తెలియదు. అందులో క్యాన్సర్ కనబడలేదన్నంత మాత్రాన ఊపిరి పీల్చుకోకూడదు.

ఆరో మెట్టు: సరైన ముక్క, స్టెరాయిడ్ లేకుండా

ఈ కథనంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉన్నవాళ్లు ఇది చదవాలి. ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు లింఫోసైట్లను చంపుతాయి. మంచివాటినీ, క్యాన్సర్‌వాటినీ కలిపే చంపుతాయి. నాలుగు రోజులు వాడితే ఆయాసం తగ్గుతుంది, మసక పల్చబడుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత తీసిన ముక్కలో కణాలు చచ్చి, రూపురేఖలు చెదిరి ఉంటాయి. అది లింఫోమాయా, కాదా అని ఎవరూ గట్టిగా చెప్పలేరు. లోపల టీబీ దాగి ఉంటే అదీ విజృంభిస్తుంది. ఊపిరి అందక ప్రాణం మీదికి వస్తే మాట వేరు. లేకపోతే ముక్క ముందు, స్టెరాయిడ్ తర్వాత. డాక్టరు గారిని ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు.

సరిపడినంత ముక్క సాధారణంగా వ్యాట్స్ పద్ధతిలో వస్తుంది. మత్తిచ్చి, పక్కటెముకల సందుల్లో చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి, ఊపిరితిత్తి అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల తునక కోస్తారు. రెండువైపులా పాకిన జబ్బైతే ఒకటికన్నా ఎక్కువ భాగాల నుంచి తీయాలి. ఒంటరి గడ్డయితే మొత్తం గడ్డనే తీసేస్తారు; అది మంచిరకమని తేలితే పరీక్షా, చికిత్సా ఒకేసారి అయిపోయినట్టు. క్రయో బయాప్సీ మధ్యదారి. గడ్డకట్టించే గొట్టంతో పట్టకారుకన్నా పెద్ద ముక్క వస్తుంది కానీ రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం అనే ముప్పులున్నాయి. ఊపిరి కొలత బాగా పడిపోయినవాళ్లకు ఈ ఆపరేషన్లేవీ తగకపోవచ్చు. స్యోగ్రెన్స్ రుజువై, సీటీలో బుడగలు స్పష్టంగా ఉంటే కొందరికి ముక్క లేకుండానే జాగ్రత్తగా ముందుకు వెళ్తారు. అది ఒక్కరు కాక, డాక్టర్లంతా కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఏడో మెట్టు: సీసాల లెక్క

ఆపరేషన్ గదిలో పది నిమిషాల అజాగ్రత్త మొత్తం శ్రమను నేలపాలు చేయగలదు. తీసిన ముక్కను పంచాలి. పెద్ద భాగం ఫార్మలిన్‌లోకి వెళ్లాలి. దుకాణంలో దొరికే గాఢమైన ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి, బఫర్ చేసిన 10 శాతం ఫార్మలిన్ అది. ముక్కకు పదింతలు ద్రావణం ఉండాలి, ముక్క దాంట్లో మునగాలి. ఇరుకు మూతి సీసాలో కుక్కితే గట్టిపడ్డాక బయటికి రాదు, నలిగిపోతుంది.

రెండో భాగం సెలైన్‌లో, టీబీ, ఫంగస్ కల్చరుకు. ఇది ఫార్మలిన్‌లో పడితే సూక్ష్మజీవులు చచ్చి కల్చరు రాదు. ముక్క మొత్తం ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి పంపిన రోజు, టీబీ ఉందో లేదో తేల్చే ఆఖరి అవకాశం కూడా పోతుంది. లింఫోమా అనుమానం బలంగా ఉంటే మూడో భాగాన్ని తాజాగా, ఫ్లో సైటోమెట్రీకి పంపాలి. ప్రతి సీసా మీద పేరు, వయసు, ఏ వైపు, ఏ భాగం, తేదీ రాయాలి. చీటీలో ‘ఊపిరితిత్తి ముక్క’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా కళ్ల పొడి, కీళ్లు, హెచ్‌ఐవీ ఫలితం, వాడిన స్టెరాయిడ్, సీటీలో ఏం కనిపించిందో రాయాలి. పాథాలజిస్టు రోగిని చూడరు. ఆయనకు రోగి ఆ చీటీయే.

ఫార్మలిన్‌లో గట్టిపడ్డ ముక్కను మైనపు దిమ్మలో పోత పోస్తారు. దాన్ని మూడు నాలుగు మైక్రాన్ల మందంలో కోసి గాజు పలక మీద పరిచి రంగు వేస్తారు. ఆ దిమ్మలే బ్లాకులు, ఆ పలకలే స్లైడ్లు. ‘బ్లాకులు, స్లైడ్లు ఇవ్వండి’ అని అడిగి తీసుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లోనో, వెల్లూరు సీఎంసీలోనో రెండో అభిప్రాయం కావాలంటే మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు, ఆ బ్లాకులు చాలు. వేసవిలో తీసుకెళ్లేటప్పుడు ఎండలో ఆపిన కారులో మాత్రం వదలొద్దు. మైనం మెత్తబడితే ముక్క పాడవుతుంది.

ఎనిమిదో మెట్టు: ఒకే విత్తనమా, కలగలుపా

పాథాలజిస్టు ముందు చూసేది అమరిక. నాళాల చుట్టూ జెర్మినల్ సెంటర్లనే గుండ్రటి లింఫోసైట్ల కేంద్రాలు పొందికగా ఉన్నాయా, గాలి గదుల గోడల్లో రకరకాల కణాలు కలిసి నిండాయా, రక్తనాళం చుట్టూ ఉల్లిపొరల్లా లింఫోసైట్లు చుట్టుకున్నాయా, పీచు కణజాలం సుడులు తిరిగిందా. ఇవి వరసగా ఫాలిక్యులర్ బ్రాంకియోలైటిస్, ఎల్‌ఐపీ, క్యాసిల్‌మన్, ఐజీజీ4 వైపు చూపిస్తాయి. దానికి ఎదురుగా, ఒకే తీరు చిన్న కణాలు పరుచుకుపోయి శ్వాసనాళపు పొరను తొలిచి, మృదులాస్థిని, ఊపిరితిత్తి పైపొరను కూడా దాటి చొచ్చుకుపోతే అది మాల్ట్ లింఫోమా అనుమానం.

కంటితో చూసింది చాలదు. ఇమ్యూనో రంగులు వేస్తారు. లింఫోసైట్లలో సీడీ20 బీ రకం కణాలను, సీడీ3 టీ రకం కణాలను చూపిస్తుంది. మంచిరకం గుంపులో బీ కణాలు గుండ్రటి కేంద్రాల్లో, టీ కణాలు వాటి మధ్య వేటి చోట అవి ఉంటాయి. లింఫోమాలో బీ కణాలు హద్దు దాటి పారతాయి. ఆరోగ్యకరమైన కేంద్రాల్లో బీసీఎల్‌2 రంగు అంటదు. ప్లాస్మా కణాలు తయారుచేసే కప్పా, లాంబ్డా గొలుసులు రెండూ ఉన్నాయా, ఒకటేనా అన్నది మరో పరీక్ష. ఐజీజీ4 అనుమానం ఉంటే ఐజీజీ కణాల్లో ఐజీజీ4వి 40 శాతం దాటాయేమో లెక్కిస్తారు.

చివరి రుజువు జన్యువుల్లో. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204 ధాన్యాన్ని ఒక్క గింజతో మొదలుపెట్టి పెంచితే రాశి మొత్తం ఒకే జాతి అవుతుంది. ఊళ్లో అందరి కళ్లాల నుంచీ తెచ్చి పోస్తే కలగలుపు రాశి అవుతుంది. లింఫోసైట్లదీ అదే లెక్క. ఇన్ఫెక్షనో, ఆటోఇమ్యూన్ జబ్బో రెచ్చగొడితే వేర్వేరు జన్యు అమరికలున్న కణాలు కలిసి చేరతాయి. క్యాన్సర్‌లో అంతా ఒక్క కణపు సంతానం. ఇమ్యూనోగ్లోబులిన్ జన్యువు మీద పీసీఆర్ చేసి ఆ తేడా చూస్తారు. ఈ పరీక్ష కూడా ఒంటరిగా తీర్పు చెప్పదు. చిన్న ముక్కలో కొద్దిపాటి కణాలే ఉంటే మంచిరకం గుంపు కూడా ఒకే జాతిలా కనిపించొచ్చు. అమరిక, రంగు, జన్యువు మూడూ ఒకే మాట అన్నప్పుడే ధైర్యంగా రిపోర్టు రాయాలి.

తొమ్మిదో మెట్టు: అందరూ కలిసి ఒక పేరు

ఛాతీ డాక్టరు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, కీళ్లవాతం నిపుణులు ఒకే బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు, పలకలు, రోగి చెప్పిన మాటలు కలిపి చూడాలి. పాథాలజిస్టు ఎల్‌ఐపీ అన్నా సీటీలో బుడగలు లేకపోతే, పావురాల సంగతి మళ్లీ అడగాలి. ఎల్‌ఐపీ అని తేలాక కూడా పని అయిపోదు. ఎందుకొచ్చింది అన్నది రెండో ప్రశ్న. ఏ కారణమూ దొరకని ఎల్‌ఐపీ చాలా అరుదు. 2013 నాటి అంతర్జాతీయ వర్గీకరణ దాన్ని అరుదైనవాటి వరసలో పెట్టింది. స్యోగ్రెన్స్‌ను, హెచ్‌ఐవీని, రోగనిరోధక లోపాన్ని వెతకకుండా ‘కారణం తెలియదు’ అని రాసేయకూడదు.

కారణాన్ని బట్టే చికిత్స. ఆటోఇమ్యూన్ జబ్బుకు స్టెరాయిడ్, అవసరమైతే అజాథయోప్రిన్, మైకోఫినలేట్, రిటుక్సిమాబ్. యాంటీబాడీలు తయారుకాని వాళ్లకు ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించడం. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ. ఒంటరి నాడ్యులర్ హైపర్‌ప్లేషియాకి, ఒకే గ్రంథికి పరిమితమైన క్యాసిల్‌మన్‌కి ఆపరేషన్‌తోనే నయం. ఒళ్లంతా పాకిన క్యాసిల్‌మన్‌కి లెక్క వేరు. హెచ్‌హెచ్‌వీ8 వైరస్ ఉందో లేదో చూసి మందు ఎంచుకుంటారు.

పదో మెట్టు: వదలకుండా చూసుకోవడం

స్యోగ్రెన్స్ ఉన్నవాళ్లలో, ఎల్‌ఐపీ ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఏళ్ల తర్వాత లింఫోమా రావచ్చు. అందుకని మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి ఊపిరి కొలత, డాక్టరు చెప్పిన వ్యవధిలో సీటీ తప్పనిసరి. ఒక గడ్డ కొత్తగా పెరిగినా, మెడలో బిళ్ల కట్టినా, లాలాజల గ్రంథి ఒకటి వాచి తగ్గకపోయినా, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం మొదలైనా తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి. మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. మొదటిసారి మంచిరకం అని తేలిన రిపోర్టు ఆ రోజు తీసిన ముక్కకే వర్తిస్తుంది. జీవితాంతం హామీ కాదు.

అందుకే ఫైలు పారేయొద్దు. తెనాలిలో తీసిన తొలి ఎక్స్‌రే నుంచి గుంటూరులో ఇచ్చిన బ్లాకుల రసీదు దాకా ఇంట్లో ఒకచోట ఉండాలి, ఇంట్లో ఇంకొకరికి అది ఎక్కడుందో తెలియాలి. అరుదైన జబ్బులో ప్రతి కొత్త డాక్టరూ మొదటినుంచి మొదలుపెట్టకుండా కాపాడేది అదే. రోగి చేయగలిగిన పని మూడు మాటల్లో చెప్పొచ్చు: టీబీకి రుజువు అడగండి, ముక్కకు ముందు స్టెరాయిడ్ వద్దనండి, బ్లాకులు దగ్గర పెట్టుకోండి. ఈ మూడూ జరిగితే జబ్బు ఎంత అరుదైనదైనా దానికి సరైన పేరు దొరికే అవకాశం మెండుగా ఉంటుంది. సరైన పేరు దొరికితే మనిషి అక్కర్లేని టీబీ కోర్సు నుంచీ, అక్కర్లేని కీమో నుంచీ రెండింటి నుంచీ తప్పించుకుంటాడు.